ఊపిరితో అల్లిన విలాపం

1968 ఆగస్టు చివరి రోజులు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు కొండవరసల నడుమ ఆకాశం పొడుగ్గా ఒరిగి నిద్రపోయినట్టుండే కయూగా సరస్సు. ఆ నీటి ఒడ్డున ఒక చిన్న ఇల్లు, ఆ ఇంట్లో ఒక రేడియో, ఆ రేడియోకు ప్రాణమంతా అప్పగించి కూర్చున్న ఒక మనిషి. వేసవి పోతూ పోతూ చెట్ల కొమ్మలకు తన ఆఖరి బంగారాన్ని పంచుతోంది. అలలు ఒడ్డును తాకి, ఏ కబురూ తేనట్టు వెనుదిరుగుతున్నాయి. కబురంతా బీబీసీ గొంతులో ఉంది. ప్రాగ్ నగరంలోకి ట్యాంకులు దిగాయన్న కబురు. వంతెనల మీద, చౌరస్తాల్లో, పిల్లలు బడికి నడిచే దారుల్లో ఇనుప గొలుసులు రాతిపలకలను పిండి చేస్తున్నాయన్న కబురు. ఆ మనిషి పేరు కరెల్ హూసా. ఆ రాతిపలకల మీదే ఆయన నడక నేర్చాడు.

ఆ ఏడాది జనవరిలో అలెగ్జాండర్ దుబ్చెక్ చేతికి పగ్గాలు వచ్చాక చెకొస్లోవేకియాలో ఒక వసంతం మొలకెత్తింది. పత్రికలు నోరు విప్పాయి. సెన్సారు కత్తెర మూలన పడింది. ఇరవై ఏళ్లుగా గుసగుసలకు అలవాటు పడిన గొంతులు తమ అసలు స్వరమేదో తామే విని ఆశ్చర్యపోయాయి. ఎనిమిది నెలలు నిండలేదు. ఆగస్టు 20 రాత్రి, సోవియట్ యూనియన్ ముందు నడవగా వార్సా ఒప్పంద దేశాల సైన్యాలు సరిహద్దులు దాటాయి. ఆయుధం లేని జనం వీధుల పేర్లున్న పలకలు పీకి దాచేశారు, వచ్చినవాడికి దారి తెలియకూడదని. నగరం తన పేరును తన నాలుక కిందే దాచుకుంది. రేడియో భవనం ముందు బస్సులు అడ్డం పెట్టి నిలబడ్డ వాళ్లలో కొందరు ఆ రోడ్డు మీదే ఒరిగిపోయారు. అయినా రేడియో ఎక్కడెక్కడి గదుల్లోంచో మాట్లాడుతూనే ఉంది, చీకట్లో ఒకరి చేయి ఒకరు వెతుక్కున్నట్టు.

శోకాల్లో దూరాన ఉన్నవాడి శోకం వేరు. దగ్గరున్నవాడు గాయానికి గుడ్డ కడతాడు, పడిపోయినవాణ్ని భుజాన వేసుకుంటాడు, ఏమీ చేతకాకపోతే కనీసం రాయి విసురుతాడు. సముద్రం ఈవలి ఒడ్డున ఉన్నవాడికి చేతులుండీ లేనట్టే. అందులోనూ హూసా వెనక్కి వెళ్లలేని మనిషి. 1946లో ఫ్రెంచి స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లి ఆర్థర్ హొనెగర్ దగ్గర, నాదియా బులాంజే దగ్గర చదువుకుంటున్నాడు. 1948లో స్వదేశంలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. తిరిగి రమ్మంటే రానన్నాడు. 1949లో ఆయన పాస్‌పోర్టును రద్దు చేశారు. ఒక కాగితం మీద ఒక ముద్ర పడగానే నది, వంతెన, అమ్మ గొంతు, చిన్ననాటి వయొలిన్ మోగిన గది, అన్నీ ఒక్కసారిగా గతకాలపు క్రియాపదాలైపోయాయి. 1954లో కోర్నెల్ విశ్వవిద్యాలయం పిలిచి పాఠం చెప్పమంది. 1959లో అమెరికా పౌరుడయ్యాడు. ఉద్యోగం దొరికింది, సరస్సు దొరికింది, శిష్యులు దొరికారు. కాని ఆగస్టు నెలలో ఆ రేడియో ముందు కూర్చున్నవాడు కోర్నెల్ ప్రొఫెసరు కాడు. ప్రాగ్ కుర్రవాడు.

ఆ సమయంలోనే పక్కనున్న ఇథాకా కాలేజీ తన కన్సర్ట్ బ్యాండ్ కోసం ఒక రచన చేసిపెట్టమని ఆయనను అడిగింది. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. బ్యాండ్ అనగానే మనకు కళ్ల ముందు కదిలేది పెళ్లి ఊరేగింపు: ఎర్ర కోట్లు, జరీ అంచులు, పెట్రోమాక్స్ వెలుగులో మెరిసే ఇత్తడి గొట్టాలు, బుగ్గలుబ్బించి సినిమా పాట ఊదే మనుషులు. కన్సర్ట్ బ్యాండ్ దానికి దూరపు చుట్టం. అది నడవదు, వేదిక మీద కూర్చుని వాయిస్తుంది. ఫ్లూట్లు, ఒబోలు, వరసలు వరసలుగా క్లారినెట్లు, సాక్సాఫోన్లు, హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబాలు, వాటి వెనక గోడకట్టినట్టు తాళవాద్యాలు. వాద్యాలను తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని నాలుగు జాతులుగా విభజించిన మన శాస్త్రకారుల కళ్లతో చూస్తే ఇందులో మొదటి జాతి, అంటే తీగల జాతి, దాదాపు లేనట్టే. వయొలిన్లు కరిగి కన్నీరయ్యే ఆ పాత ఓదార్పుకు ఇక్కడ తావు లేదు. ఉన్నదంతా ఊపిరి, దెబ్బ. ఆ రెండింటితోనే నవ్వాలి, ఆ రెండింటితోనే ఏడవాలి.

పైగా ఈ మేళం పుట్టిల్లు యుద్ధభూమి. ఒట్టోమన్ జానిసరీల దండు ముందు మోగిన పెద్ద డోళ్లు, మన సన్నాయికి దాయాది అయిన జుర్నాలు యూరప్ రాజుల చెవిన పడ్డాయి. ఫ్రెంచి విప్లవం ఆ మోతను చౌరస్తాలకు తెచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు రెజిమెంట్లు దాన్ని పెంచి పోషించాయి. అమెరికాలో జాన్ ఫిలిప్ సూసా తన మార్చ్‌లతో దానికి కీర్తికిరీటం పెట్టాడు. కాళ్లను ఒకే లయలో నడిపించడానికి, భయాన్ని మోతతో కప్పిపెట్టడానికి, గెలిచినవాడి రాకను చాటడానికి పుట్టిన వాద్యసమూహం అది. సైన్యం చేత నలిగిన ఒక నగరం కోసం ఏడవాల్సి వచ్చినప్పుడు హూసా చేతికి అందినవి సైన్యపు వాద్యాలే. ఆయన వాటిని వద్దనలేదు. వాటి నోటితోనే ఏడిపించాడు. గత శతాబ్దపు సంగీతంలో ఇంతకు మించిన న్యాయం నాకు మరొకటి తెలియదు.

లోహానికి ఎన్ని జన్మలో! ప్రాగ్‌ను నూరు గోపురాల నగరమంటారు. ఆ గోపురాల్లోని గంటలు శతాబ్దాలుగా పెళ్లిని చెప్పాయి, చావును చెప్పాయి, అగ్నిప్రమాదాన్ని, విజయాన్ని, ముప్పును చెప్పాయి. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఆ దేశపు చర్చి గంటలను దింపి యుద్ధసామగ్రి కోసం కరిగించారు. ప్రార్థన మందుగుండుకు తొడుగైంది. కంచు కంఠం తెగి కంచు గుండు పుట్టింది. హూసా తన రచనలో అడుగడుగునా గంటల నాదాన్ని నింపాడంటే అది అలంకారం కోసం అనుకోను. పోయిన లోహాన్ని పేరుపేరునా పిలుస్తున్నాడనుకుంటాను. ఫిరంగిలోంచి గంటను వెనక్కి తీయగలిగిన రసవాదం ఈ లోకంలో సంగీతానికొక్కదానికే తెలుసు.

ఆ రచన పేరు 'మ్యూజిక్ ఫర్ ప్రాగ్ 1968'. నాలుగు భాగాలు, సుమారు ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక నగరపు వెయ్యేళ్లు.

మొదట పికొలో. వాద్యాలన్నింటిలోనూ చిన్నది, జేబులో పట్టేది. యాభై అరవై మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఒకే ఒక్క సన్నని స్వరం ఒంటరిగా పైకి లేస్తుంది. అది పక్షి. స్వేచ్ఛకు గుర్తు. ప్రాగ్ తన సుదీర్ఘ జీవితంలో క్షణాల లెక్కన మాత్రమే చూసిన స్వేచ్ఛ అది అని హూసా స్వయంగా ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ పిట్ట కింద, నేల లోతుల్లో, టింపనీ డోళ్లు మెల్లగా ఏదో తడుతుంటాయి. మొదటిసారి వినేవాళ్లకు అది గుండె చప్పుడులా ఉంటుంది. చెక్ దేశంలో పుట్టినవాడికి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే అది ఒక పాట, వాళ్లు పాలతో తాగిన పాట.

పదిహేనో శతాబ్దంలో, జాన్ హుస్ అనే మతసంస్కర్తను 1415లో కాన్‌స్టాన్స్‌లో సజీవంగా కాల్చేశాక, ఆయన అనుచరులు ఆయుధం పట్టి పాడుకున్న సమరగీతం అది. 1431లో దొమాజ్లిత్సే దగ్గర వాళ్ల మీదికి దండెత్తి వచ్చిన మహాసైన్యం, దూరం నుంచి ఈ పాట వినిపించగానే కత్తి దూయకుండా పారిపోయిందని ఐతిహ్యం. తరువాతి శతాబ్దాల్లో ఆ జాతి మీద చీకటి కమ్మిన ప్రతిసారీ ఈ పాట దివిటీ అయింది. చెవుడు కమ్మిన చెవులతో స్మెతానా తన 'మా వ్లాస్త్' కావ్యంలో దీన్ని ప్రతిష్ఠించాడు. హూసా దగ్గరికి వచ్చేసరికి ఆ పాట తల తెగిన విగ్రహంలా ఉంది. మొదట్లో టింపనీ దాన్ని గొణుగుతుంది. మధ్యలో ముక్కలుగా తేలుతుంది. రచన మొత్తంలో ఎక్కడా అది పూర్తిగా వినిపించదు. తనవాళ్ల గొంతు మీద బూటుకాలు ఉండగా పాట పూర్తిగా ఎలా వస్తుంది?

పిట్ట తరువాత ట్రంపెట్లు. ఒక ట్రంపెట్ కేక వేస్తుంది, ఇంకొకటి అందుకుంటుంది, కేక మీద కేక, ఎదురెదురు గోపురాల మీది కావలివాళ్లు ఒకరినొకరు లేపుతున్నట్టు. రాజుల రాకను చాటిన ఫ్యాన్‌ఫేర్ ఇక్కడ ప్రమాదాన్ని చాటుతుంది. పండగ సంకేతం ఆర్తనాదమైపోయింది. హార్న్‌లు, క్లారినెట్లు, ఫ్లూట్లు మోసే మూడు స్వరగుచ్ఛాలు రచనలో మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిలో ఒక వింత బరువుంది. తలుపు తెరవడానికి భయపడే చేయి గడియ మీద ఆగినప్పటి బరువు.

రెండో భాగం 'ఆరియా'. పాట అని పేరు, పాడేది మాత్రం సాక్సాఫోన్లు, లోతు గొంతుల చెక్కవాద్యాలు. జాజ్ క్లబ్బుల్లో కన్ను గీటే సాక్సాఫోన్ ఇదేనా అని నమ్మబుద్ధి కాదు. ఏడ్చి ఏడ్చి కన్నీరు ఇంకిపోయాక గొంతులో మిగిలే ఆ మొద్దు ధ్వని ఉంటుందే, అది. రాగం ఎగరాలని చూస్తుంది, పైకి పోయేకొద్దీ రెక్కకు రాయి కట్టినట్టు కిందికి లాగుతుంది. దాని పక్కన మారింబా, వైబ్రఫోన్ లాంటి వాద్యాలు మంచుబిందువుల్లా రాలుతుంటాయి. ఈ భాగం వింటున్నప్పుడు నాకు ఎప్పుడూ మనుషులు కనిపించరు. ఖాళీ కిటికీలు కనిపిస్తాయి.

మూడో భాగంలో ఊపిరి ఆగిపోతుంది. బ్యాండ్ మొత్తం వాద్యాలు దించి కూర్చుంటుంది. తాళవాద్యాలు మాత్రమే మిగులుతాయి. లోహం మీద లోహం, తోలు మీద కర్ర, గంటల గుసగుస. ఇది ఎంత సాహసమో చూడండి: ఊదేవాళ్ల సమూహానికి రాసిన విలాపంలో, ఊదే హక్కునే కాసేపు లాగేసుకున్నాడు. ఊపిరి లేని నగరం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం ఎందుకని, ఊపిరి తీసేసి వినిపించాడు. ఆ నిశీథి నడుమ ఒక సైడ్ డ్రమ్ము మొదలవుతుంది. మొదట చినుకు, తరువాత వడగళ్లు, తరువాత ఇక ఏ పోలికా నిలవని మోత. సైన్యపు డ్రమ్ము, అచ్చంగా సైన్యపు డ్రమ్మే. అది చెవుల్ని చీల్చే అంచుకు వచ్చేసరికి బ్యాండ్ అంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది.

నాలుగో భాగం 'తొకాతా, కొరాల్'. పరుగు, ఢీకొట్టడం, తీగ తెగిన రేడియో సంకేతాల్లాంటి తునకలు. ఒక దశలో స్వరకర్త చేతులెత్తేసినట్టు వాద్యకారులందరినీ ఎవరికి వారిని వదిలేస్తాడు. ఇచ్చిన ముక్కలను ఎవరి వేగంతో వాళ్లు వాయిస్తారు. అంతమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్కరి మాటా వినిపించని ఆ ఘోషలోనే ట్యాంకుల చుట్టూ మూగిన జనం ఉన్నారు, సిపాయిల ముఖంలోకి చూసి "ఎందుకొచ్చారు?" అని రష్యన్ భాషలో అడిగిన అమ్మాయిలున్నారు. ఆ ఘోష పైకి లేచి, విరిగి, దాని శిథిలాల్లోంచి పాత సమరగీతం బయటికి వస్తుంది. అందరూ ఒకే స్వరంలో. స్వరమేళనం లేదు, కింద ఆసరాగా మరో స్వరం లేదు. ఒకే గీతమీద నిలబడ్డ వంద ఊపిరితిత్తులు. పాట మాత్రం ముగింపు స్థానానికి చేరదు. చేరకుండానే ఆగుతుంది. ఓ నూరు గోపురాల నగరమా, నీ కొడుకు నీకు అబద్ధపు ఓదార్పు ఒక్కటి కూడా పంపలేదు!

1969 జనవరి 31న వాషింగ్టన్ నగరంలో, సంగీత ఉపాధ్యాయుల జాతీయ సమావేశంలో, కెన్నెత్ స్నాప్ నడిపించగా ఇథాకా కాలేజీ విద్యార్థులు దాన్ని తొలిసారి వాయించారు. సరిగ్గా 15 రోజుల ముందు, జనవరి 16న, ప్రాగ్‌లోని వెన్సెస్లాస్ చౌరస్తాలో జాన్ పలాఖ్ అనే విద్యార్థి ఒంటి మీద పెట్రోలు పోసుకుని నిప్పంటించుకున్నాడు. 19న చనిపోయాడు. వయసు 20. వాషింగ్టన్ వేదిక మీద క్లారినెట్లు పట్టుకుని కూర్చున్న పిల్లల వయసూ ఇంచుమించు అదే. ఒకే ఈడు పిల్లలు, ఒకడు ఊపిరిని మంటకిచ్చాడు, వీళ్లు ఆ ఊపిరిని పాటకిచ్చారు. 1415లో కాన్‌స్టాన్స్‌లో లేచిన మంటకూ 1969లో లేచిన మంటకూ నడుమ ఐదున్నర శతాబ్దాలున్నాయని చరిత్ర చెబుతుంది. టింపనీ మీద ఆ పాట మోగినప్పుడు నాకు రెండూ ఒకటే మంట.

విద్యార్థులు అన్న మాట దగ్గర హూసా జీవితంలో ఇంకో మంట ఉంది. 1921 ఆగస్టు 7న పుట్టిన ఆ కుర్రవాణ్ని ఇంట్లోవాళ్లు ఇంజనీరు చేయాలనుకున్నారు. 1939 నవంబర్ 17న నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలన్నింటికీ తాళాలు వేశారు. తొమ్మిది మందిని విచారణ లేకుండా చంపారు. వెయ్యి మందికి పైగా విద్యార్థులను నిర్బంధ శిబిరానికి తరలించారు. సాంకేతిక విద్య తలుపు అలా మూసుకుపోయాకే హూసా 1941లో ప్రాగ్ సంగీత కళాశాలలో చేరి యరొస్లావ్ రీద్కీ దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. ఒక సైన్యం తాళం వేస్తే ఆయన సంగీతకారుడయ్యాడు. మరొక సైన్యం దండెత్తితే ఆ సంగీతం ప్రపంచానికి తెలిసింది. ఇలాంటి అదృష్టాన్ని ఏ కళాకారుడూ కోరుకోడు.

1969లోనే మూడో స్ట్రింగ్ క్వార్టెట్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. అది తీగల రచన. లోకం ఆ తీగలకు పూలమాల వేసి, ఊపిరికి మాత్రం చప్పట్లతో సరిపెట్టింది. నన్ను బాధపెట్టే విషయం ఇదే. కన్సర్ట్ బ్యాండ్‌కు రాసినవాణ్ని పెద్ద సభామందిరాలు చాలాకాలం రెండో వరసలోనే కూర్చోబెట్టాయి. వయొలిన్లు లేనిచోట గాంభీర్యం ఉండదన్న నమ్మకం అంత గట్టిది. ప్రాగ్ రచనను ఆర్కెస్ట్రాకు కూడా హూసా తానే మలిచాడు, 1970 జనవరిలో మ్యూనిక్‌లో తానే నడిపించాడు. అదీ గొప్పగానే ఉంటుంది. కాని నాకు ఆ తీగలు అడ్డుగా అనిపిస్తాయి. కన్నీటిని తుడిచే చేయి అవసరమే, ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఏ చేయీ రాకూడదు. ఎవరేమన్నా ఆ రచనను వేలసార్లు వాయించింది కాలేజీల, హైస్కూళ్ల బ్యాండ్లే. పటంలో ప్రాగ్ ఎక్కడుందో చూపించలేని పల్లెటూరి అమెరికా పిల్లలు, టీచరు చెప్పగా విని, ముందుమాట చదివి, పికొలో పిట్టను తమ ఊపిరితో ఎగరేశారు. ఆ ముందుమాటను ప్రతి ప్రదర్శనలోనూ శ్రోతలకు అందించాలని హూసా కోరాడు. తన స్వరాలకు అర్థం చెప్పుకోవాల్సి వచ్చిందని కాదు. మరిచిపోతారని భయం.

ఆయన బ్యాండ్ రచనలన్నీ చెప్పుకోవాలంటే ఈ శోకానికి చోటు చాలదు. సిగుర్ద్ రాషెర్ కోసం 1967లో రాసిన ఆల్టో సాక్సాఫోన్ కన్చెర్తో, 1971 నాటి తాళవాద్యాల కన్చెర్తో, ఆ తరువాత ట్రంపెట్‌కు, 1982లో బ్యాండ్ మొత్తానికీ రాసినవి, 1996లో రంగుల హోరుగా వచ్చిన 'లె కులోర్ ఫోవ్'. తీగల వైపు చెల్లో కన్చెర్తోకు 1993లో గ్రామయెర్ బహుమతి దక్కింది. 'ట్రోజన్ విమెన్' అనే నృత్యరూపకం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. కూలిన ట్రాయ్ నగరపు స్త్రీల కథ అది. ప్రాగ్‌కు దగ్గర్లో లిడిత్సే అనే ఊరుండేది. 1942 జూన్ 10న నాజీలు ఆ ఊరి మగవాళ్లను కాల్చి, ఆడవాళ్లను శిబిరాలకు తోలి, ఊరిని నేలమట్టం చేశారు. ట్రాయ్ పేరు వినగానే నాకు మూడు వేల ఏళ్ల కిందటి బూడిద తలపుకు రాదు. ఈ బూడిదే వస్తుంది.

మాతృదేశంలో ఆయన సంగీతాన్ని నిషేధించారు. ప్రపంచమంతా ప్రాగ్ పేరుతో ఏడుస్తుంటే ప్రాగ్ ఒక్కటే ఆ ఏడుపు వినకూడని నగరమైంది. తన చావువార్త తనకు తప్ప ఊరందరికీ తెలిసినట్టు. 1989 నవంబర్ 17న, సరిగ్గా ఆ విశ్వవిద్యాలయాలు మూతబడిన యాభయ్యో ఏట, మళ్లీ విద్యార్థులే ప్రాగ్ వీధుల్లోకి వచ్చారు. దెబ్బలు తిన్నారు. వారాలు తిరక్కుండా ప్రభుత్వం కూలింది. 1990 ఫిబ్రవరిలో, తెల్లబడిన జుట్టుతో, కరెల్ హూసా ప్రాగ్ వేదిక ఎక్కి తన ప్రాగ్ సంగీతాన్ని నడిపించాడు. 1968లో ఆ వీధుల్లో నిలబడ్డవాళ్లలో ఎందరు ఆ సభలో కూర్చోగలిగారో! ఎందరు ఆ ఇరవై ఒక్క ఏళ్లలో మట్టిలో కలిసిపోయారో, ఎందరు ఆయనలాగే పరాయి సరస్సుల ఒడ్డున ముసలివాళ్లయ్యారో! 1995లో అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్ ఆయనకు రాజ్యపతకం తొడిగాడు. లోహం మళ్లీ ఒక జన్మ ఎత్తింది. పోయిన వసంతం తిరిగొచ్చిందని అందరూ అన్నారు. వసంతాలు తిరిగి రావు. వేరే వసంతాలు వస్తాయి, వాటిని చూసి పోయినవాళ్లను తలచుకోవాలి, అంతే.

ప్రాగ్ కోసం ఏడ్చిన ఆ ఊపిరి అక్కడితో ఆగలేదు. 1970లో హూసా మరింత పెద్ద చావు గురించి రాశాడు. రచన పేరు 'అపోథియోసిస్ ఆఫ్ దిస్ ఎర్త్'. 1971 ఏప్రిల్ 1న మిషిగన్ విశ్వవిద్యాలయపు బ్యాండ్, తనను దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన విలియం రెవెల్లీకి అంకితంగా, హూసా స్వయంగా నడిపించగా ఈ రచనను తొలిసారి వాయించింది. దాని ముందుమాట ఇంకా చేదుగా ఉంటుంది. రోజూ జరిగే హత్యలు, యుద్ధాలు, ఆకలి, అంతరించిపోతున్న జంతుజాలం, తగలబడుతున్న అడవులు, విషమైపోతున్న పరిసరాలు: ఆయన వాటిని ఏకరువు పెట్టాడు, చావు ఇంట్లో పోయినవాళ్ల పేర్లు చెప్పి ఏడ్చినట్టు.

మొదటి భాగంలో భూమి విశ్వాంధకారంలో ఒక వెలుగుచుక్క. చంద్రుణ్ని చూసి ఇంటికి తిరిగొస్తున్న వ్యోమగాములకు కనిపించినట్టు అది దగ్గరవుతుంది, పెరుగుతుంది, నీలం, తెలుపు, ప్రాణం. ఎంత మెల్లగా పెరుగుతుందంటే వింటున్నవాళ్ల ఊపిరి తెలియకుండానే దీర్ఘమైపోతుంది. రెండో భాగంలో దాన్ని చంపుతారు. బ్యాండ్ చేయగల దారుణమంతా అక్కడుంది. ఇత్తడి అరుపులు, తోలు మీద పిడిగుద్దులు, గాయపడ్డ పెద్ద జంతువు ఒకటి లేవాలని చూసి మళ్లీ కూలడం. మూడో భాగం పేరు 'పోస్ట్‌స్క్రిప్ట్', ఉత్తరం ముగిశాక అడుగున రాసుకునే ఆ రెండు ముక్కలు. భూమి పొడిపొడిగా విశ్వంలో చెదిరిపోయింది. అప్పుడు వాద్యకారులు ఊదడం మానేసి నోరు తెరుస్తారు. మొదట యంత్రాల్లా, విడివిడి అక్షరాలు, ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి. ఆ అక్షరాలు గాలిలో ఒకదాన్నొకటి వెతుక్కుని చివరికి ఒక్కటవుతాయి. ఈ అందమైన భూమి, అంతే ఆ మాట. పొగిడేందుకు పుట్టిన మాట, పొగడ్త వినడానికి ఎవరూ లేనప్పుడు వచ్చింది. ఇలా ఎందుకు జరగనిచ్చాం అని ముందుమాట చివర్లో ఆయన ఒక ప్రశ్న వేసి వదిలేశాడు.

ఈ రచన పరాయి దేశానిదని నేను అనలేను. మూసీ ఒడ్డున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచే తల్లికి ఆ రెండో భాగం అర్థం కావడానికి ఏ పాశ్చాత్య సంగీతపాఠమూ అక్కర్లేదు. కొల్లేటి నీళ్లు కుంచించుకుపోవడం కళ్లారా చూసినవాళ్లకు మూడో భాగపు అక్షరాలు తెలుగులోనే వినిపిస్తాయి. ఊపిరికి భాష లేదు, విషానికీ లేదు.

2016 డిసెంబర్ 14న ఉత్తర కరోలినాలోని ఏపెక్స్ అనే ఊళ్లో, 95 ఏళ్ల వయసులో, కరెల్ హూసా ఊపిరి ఆగింది. ప్రాగ్‌లో కాదు, కయూగా ఒడ్డునా కాదు. ప్రాగ్ కోసం రాసిన విలాపానికి ఇరవై ఒక్క ఏళ్లు ఆలస్యంగానైనా తన ఊరు దొరికింది, తనవాళ్ల మధ్య మోగే ఒక రాత్రి దొరికింది. భూమి కోసం రాసిన విలాపానికి అలాంటి రాత్రి ఆయన బతికుండగా రాలేదు. ఈనాటికీ ఏదో ఒక కాలేజీ బ్యాండ్ ఆ రచనను సాధన చేస్తుంటుంది. పిల్లలు వాద్యాలు ఒడిలో పెట్టుకుని ఆ విడివిడి అక్షరాలను పలుకుతుంటారు. వాళ్ల ముందున్న పుస్తకంలో, 1970లో ఆయన ఏకరువు పెట్టిన ఆ వరుస అచ్చై ఉంటుంది. హత్యలు, యుద్ధాలు, ఆకలి, జంతువులు, అడవులు, విషం. యాభై ఏళ్లు దాటిన ఆ వరుసలో కొట్టివేయదగ్గ మాట ఇప్పటికీ ఒక్కటీ లేదు.